డైనోసార్ ఎముక దొరికిన దగ్గర్నుంచి పేరు పడేదాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

డైనోసార్ల మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి అవే ప్రశ్నల దగ్గరికి వచ్చి ఆగుతుంది. అన్ని కోట్ల ఏళ్లని ఎలా లెక్కేశారు, ఒక్క ఎముక చూసి బొమ్మంతా ఎలా గీశారు, ఇంతకీ బ్రాంటోసారస్ ఉన్నట్టా లేనట్టా? ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఏదో నేరుగా దాని దగ్గరికి వెళ్లిపోండి.

## వెతకడం, తవ్వడం

ఎక్కడ తవ్వాలో వాళ్లకు ముందే ఎలా తెలుస్తుంది?

తెలియదు. ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, అంతే. ముందు రాయి సరైన కాలానిది కావాలి, అంటే సుమారు 23 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి మధ్యది. ఇసుకో బురదో ఒండ్రో పొరలుగా పేరుకుని గట్టిపడిన అవక్షేప శిల కావాలి, ఎందుకంటే కరిగిన లావా చల్లారి గడ్డకట్టిన రాయిలో ఎముకల కోసం వెతకడం దండగ. పైగా ఆ రాయి ఇవాళ బయటికి కనిపిస్తూ ఉండాలి. దాని మీద అడవో ఊరో ఉంటే కింద ఎన్ని ఎముకలున్నా మనకు లేనట్టే. అందుకే గోబీ ఎడారి, అర్జెంటీనాలోని పటగోనియా, అమెరికాలోని మొంటానా, కెనడాలోని అల్బెర్టా పేర్లే తిరిగి తిరిగి వినిపిస్తాయి. చెట్టూ చేమా తక్కువ, గాలికీ వానకీ నేల ఏటా కొత్తగా కోసుకుపోతుంది.

భూగర్భ పటం చూసుకుని అక్కడికి చేరాక ఇక నడకే, తల వంచుకుని రోజుల తరబడి నడక. వాలులో ఎముక ముక్కలు కనిపిస్తే అవి పైనుంచి దొర్లినవే కాబట్టి ఆ జాడ పట్టుకుని పైకెక్కుతారు. ముక్కలు ఎక్కడ ఆగిపోతే ఆ చుట్టుపక్కలే అసలు ఎముక పొరలోంచి తొంగిచూస్తూ ఉండాలి. ఉండకపోవచ్చు కూడా, మిగతాదంతా ఎప్పుడో కొట్టుకుపోయి ఆ ముక్కలే ఆఖరివి కావచ్చు.

చేతిలో ఉన్నది రాయో ఎముకో ఎలా చెప్పాలి? నాలుకతో చూస్తే తెలుస్తుందంటారు, నిజమేనా?

నిజమే, చాలామంది ఫీల్డులో చేసే పనే. ఎముక లోపల స్పాంజిలా సన్నటి రంధ్రాలుంటాయి, శిలాజంగా మారాక కూడా ఆ అల్లిక చాలావరకు మిగులుతుంది, అందుకే నాలుక తగిలిస్తే తడి పీల్చుకుని కాస్త పట్టుకుంటుంది. కానీ రంధ్రాలు ఖనిజంతో పూర్తిగా పూడిపోయిన ఎముక అంటుకోదు, కొన్ని మట్టిరాళ్లేమో అంటుకుంటాయి. కాబట్టి దీన్ని చిట్కాగానే తీసుకోండి, పరీక్ష అనుకోకండి. విరిగిన అంచును భూతద్దంతో చూడటం ఇంతకన్నా మేలు, శుభ్రం కూడా. రంగును మాత్రం నమ్మొద్దు: చుట్టూ ఉన్న ఖనిజాన్ని బట్టి అది నల్లగానో గోధుమ రంగులోనో తెల్లగానో ఎలాగైనా ఉండొచ్చు. ఇక గుండ్రంగా, నున్నగా ఉన్న రాయి కనబడగానే డైనోసార్ గుడ్డే అనుకునేవాళ్లకు ఒక చేదు మాట. అది దాదాపు ఎప్పుడూ రాయే.

నాలాంటి మామూలు మనిషికి దొరికే అవకాశం ఉందా? దొరికితే ఏం చేయాలి?

బోలెడు దొరికాయి. 2011లో అల్బెర్టాలోని చమురు ఇసుక గనిలో ఎక్స్‌కవేటర్ నడుపుతున్న వ్యక్తికి తేడాగా ఉన్న రాయి తగిలింది. కవచం, చర్మం చెక్కుచెదరకుండా నిలిచిన బోరియలోపెల్టా అనే డైనోసార్ అది. ప్రపంచంలోకెల్లా పెద్ద డైనోసార్లలో ఒకటైన పటగోటైటాన్ ఎముకను మొదట గమనించింది పశువుల ఫారంలో పనిచేసే మనిషి.

దొరికితే కదపకండి. పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, దగ్గరున్న మ్యూజియానికో భూగర్భ శాస్త్ర విభాగానికో చెప్పండి. ఎముక ఏ పొరలో, ఏ వైపు తిరిగి, ఏ ఎముక పక్కన ఉందనే సమాచారం ఒకసారి చెదిరితే మళ్ళీ రాదు. చట్టం కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మంగోలియాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, అమెరికాలో ప్రైవేటు భూమిలో దొరికింది ఆ భూమి యజమానిది.

మొత్తం అస్థిపంజరం దొరుకుతుందా?

దాదాపు దొరకదు. చచ్చిన జంతువును వేరే జంతువులు పీక్కుతింటాయి, వరద ఎముకల్ని చెల్లాచెదురు చేస్తుంది, మిగిలిన కాసిన్ని ఎండకు పొడి అవుతాయి. వెంటనే ఇసుకలోనో బురదలోనో కూరుకుపోయినవే మనదాకా వచ్చాయి. 1990లో దక్షిణ డకోటాలో దొరికిన 'సూ' అనే టీ రెక్స్‌లో పరిమాణం ప్రకారం దాదాపు 90 శాతం ఉంది, అదే పెద్ద విశేషం. చాలా డైనోసార్ల విషయంలో మన చేతిలో ఉన్నది నాలుగు వెన్నుపూసలు, ఒక తొడ ఎముక, అదృష్టం బాగుంటే దవడ ముక్క. లేని భాగాన్ని దగ్గరి బంధువుల ఎముకలు చూసి పూరిస్తారు. మ్యూజియంలో నిలబడి ఉన్నదాంట్లో చాలాసార్లు అచ్చు పోసిన నకలు ఎముకలే ఎక్కువ, అక్కడి బోర్డు మీద ఆ సంగతి రాసే ఉంటుంది కానీ ఎవరు చదువుతారు!

ఎముకను రాయిలోంచి ఊడదీస్తారా?

అక్కడికక్కడే ఊడదీస్తే పొడైపోతుంది. ఎముక చుట్టూ దూరంగా కందకం తవ్వి, అది ఒక రాతి దిమ్మ మీద మిగిలేలా చేస్తారు. పగుళ్లలోకి పల్చటి జిగురు పోస్తారు, పైన తడి కాగితం పరుస్తారు, దాని మీద ప్లాస్టర్‌లో ముంచిన గోనె పీలికలు చుడతారు, విరిగిన కాలికి కట్టు కట్టినట్టే. కాగితం లేకపోతే ప్లాస్టర్ ఎముకనే పట్టేసుకుంటుంది. పైభాగం ఆరాక కింద దిమ్మను తొలిచి మొత్తం ముద్దను ఒక్కసారిగా తిరగేస్తారు, అందరికీ టెన్షన్ పుట్టేది ఆ క్షణమే. ఈ పద్ధతి తొలి రోజుల్లో, 1876లో, అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ బృందం మొంటానాలో బియ్యం ఉడికించి ఆ జావలో గుడ్డలు ముంచి చుట్టింది. డైనోసార్ శాస్త్రానికి గంజి చేసిన సాయం ఇది.

## ల్యాబ్‌లో

తవ్వి తెచ్చాక కూడా ఏళ్లకేళ్లు ఎందుకు పడుతుంది?

ఎముక చుట్టూ ఉన్న రాయిని మిల్లీమీటరు చొప్పున తీయాలి కాబట్టి. గాలి ఒత్తిడితో కదిలే సన్నటి ఉలి, పళ్ల డాక్టర్లు వాడేలాంటి సూదులు, మైక్రోస్కోపు, ఇవే పనిముట్లు. బోరియలోపెల్టా మీద మార్క్ మిచెల్ అనే ల్యాబ్ నిపుణుడు దాదాపు 7,000 గంటలు పనిచేశాడు. 2017లో దానికి బోరియలోపెల్టా మార్క్‌మిచెల్లీ అని పేరు పెట్టింది అందుకే. నన్నడిగితే ఈ రంగంలో అతి తక్కువ పేరొచ్చే, అతి ఎక్కువ ఓపిక కావాల్సిన పని ఇదే. రాయి తీయడం ప్రమాదమనిపిస్తే సీటీ స్కాన్ తీసి లోపలి ఎముకను కంప్యూటర్లోనే చూస్తారు.

డైనోసార్ వయసు కార్బన్ డేటింగ్‌తో కనిపెడతారు కదా?

కాదు, ఈ ఒక్క అపోహ ఎన్నిసార్లు చెప్పినా పోదు. కార్బన్ 14 ప్రతి 5,730 ఏళ్లకు సగం అవుతుంది, కాబట్టి 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. డైనోసార్లు అంతరించే 6.6 కోట్ల ఏళ్లయింది.

అసలు మామూలుగా ఎముక వయసును నేరుగా కొలవరు. దాని కింద, పైన ఉన్న పొరల్లో అగ్నిపర్వతపు బూడిద కోసం వెతుకుతారు. ఆ బూడిదలో జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలుంటాయి, అవి ఏర్పడేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తాయి కానీ సీసాన్ని రానివ్వవు. తర్వాత ఆ యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది. ఒక రకం సగం కావడానికి సుమారు 70 కోట్ల ఏళ్లు, ఇంకో రకానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే లోపల ఇప్పుడున్న సీసమంతా గడియారం ముల్లు లాంటిది. కింది బూడిద 7 కోట్ల ఏళ్లది, పైది 6.8 కోట్ల ఏళ్లది అయితే మధ్యలో ఉన్న ఎముక ఆ రెంటికీ నడిమిది. బూడిదే లేని చోట, వయసు ముందే తెలిసిన వేరే శిలాజాలతో, రాయిలో నిలిచిపోయిన భూమి అయస్కాంత దిశలతో పోల్చి తేలుస్తారు.

చనిపోయేటప్పటికి దాని వయసెంతో కూడా చెప్తున్నారు, అదెలా?

కాలి ఎముకను అడ్డంగా కోసి, కాగితమంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి. ఏడాదిలో పెరుగుదల ఆగిన కాలానికి ఒక గీత పడుతుంది. గీతలు దూరంగా ఉంటే జోరుగా పెరుగుతున్న వయసు, బయటి అంచులో ఒత్తుగా ఉంటే పెరుగుదల ముగిసినట్టు. 'సూ' ఈ లెక్కన 30 ఏళ్ల చుట్టుపక్కలే చనిపోయింది.

డీఎన్‌ఏ దొరికిందా?

లేదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్ మంచునేలలోది, వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. 2005లో ఒక టీ రెక్స్ ఎముకలోంచి మెత్తగా సాగే పదార్థం బయటపడిందన్న మాట నిజమే, అది అసలు కణజాలమేనా అన్న దాని మీద చాలా గొడవ నడిచింది. కానీ అది డీఎన్‌ఏ కాదు.

రంగులు ఊహించి వేస్తారా?

చాలావరకు అంతే. అయితే ఈకలు నిలిచిన కొన్నింట్లో రంగునిచ్చే అతిచిన్న సంచులు మిగిలాయి, వాటి ఆకారాన్ని ఇప్పటి పక్షుల ఈకలతో పోలుస్తారు. అలా 2010లో సైనోసారాప్టెరిక్స్ అనే ఈకల డైనోసార్ తోక మీద ఎర్ర గోధుమ, తెలుపు పట్టీలున్నాయని తేలింది.

## పేరు పెట్టడం

ఇది కొత్త జాతి అని ఏ క్షణంలో తెలుస్తుంది?

అలాంటి క్షణం ఉండదు. తవ్వేటప్పుడు అనుమానం వస్తుంది, ల్యాబ్‌లో అది పెరుగుతుంది, ఆ తర్వాత రెండు మూడు ఖండాల మ్యూజియాలు తిరిగి పాత ఎముకలు పక్కన పెట్టుకుని చూస్తేగానీ మాట అనలేరు. కావాల్సింది తేడా. ఇప్పటిదాకా తెలిసిన ఏ జంతువులోనూ లేని ఒక గాటో, గట్టో, రంధ్రమో, లేదా ఇంకెక్కడా కలిసి కనిపించని లక్షణాల కలయికో చూపించాలి. ఆ తేడా వయసు వల్లో, గాయం వల్లో, కోట్ల ఏళ్ల రాతి బరువుకు నలిగిపోవడం వల్లో రాలేదని కూడా ఒప్పించాలి. పేరంటే ఆ వాదనకు తగిలించిన చీటీ. వాదన వీగిపోతే చీటీ కూడా ఊడుతుంది, ఎముక మాత్రం అల్మారాలో అలాగే ఉంటుంది.

పేరు పెట్టే హక్కు ఎవరిది? దొరికించుకున్నవాళ్లదేనా?

కాదు, శాస్త్రీయంగా వర్ణించి ప్రచురించినవాళ్లది. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. పేరు రెండు మాటల్లో ఉండాలి, మొదటిది ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), రెండోది జాతి: టైరనోసారస్, రెక్స్. ఇతర జంతువుల నుంచి ఎలా వేరో రాయాలి, ఆధారమైన నమూనా ఏదో, ఎక్కడ భద్రపరిచారో చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పరిశోధన పేపరైతే 2012 నుంచి జూబ్యాంక్ అనే రిజిస్టర్లో నమోదు కూడా కావాలి. పేపర్లో తనకు తానే తన పేరు పెట్టుకోవడాన్ని నియమం ఆపదు, కానీ ఎవరూ చేయరు, నవ్వుతారు కాబట్టి.

హోలోటైప్ అని తెగ వాడతారు, ఏంటది?

పేరును మోసే ఎముక. ఆ పేరు ఈ ఎముకదే, దీన్ని పోలినవి మాత్రమే ఆ పేరుకు అర్హం అని ఒక్క నమూనాను ఎంచి పెడతారు. అది పోతే తలనొప్పే. 1915లో ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ ఈజిప్టు ఎముకల ఆధారంగా స్పైనోసారస్‌కు పేరు పెట్టాడు. 1944లో మ్యూనిక్ మీద బాంబులు పడినప్పుడు ఆ ఎముకలు మ్యూజియంతో సహా బూడిదయ్యాయి. స్ట్రోమర్ బొమ్మలు, కొన్ని ఫోటోలు మిగిలాయి కాబట్టి సరిపోయింది గానీ, ఆ తర్వాత దొరికినవి అదే జంతువువా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ పేర్లకు అర్థాలుంటాయా, నోరు తిరగకుండా పెట్టాలని రూలా?

ఉంటాయి. ఎక్కువగా గ్రీకు, లాటిన్ ముక్కలు: సారస్ అంటే బల్లి, సెరటాప్స్ అంటే కొమ్ముల ముఖం, ట్రై అంటే మూడు. 1842లో రిచర్డ్ ఓవెన్ పుట్టించిన డైనోసార్ అన్న మాటకే 'భయంకరమైన పెద్ద బల్లి' అని అర్థం; పాపం అవి బల్లులు కావు. చోటును బట్టీ పెడతారు. తెలంగాణలో దొరికిన కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌లో మొదటి మాట అది దొరికిన కోటా శిలాపొరలది, రెండోది యామన్‌పల్లి ఊరిది. మయసారా అంటే మంచి తల్లి, పిల్లలున్న గూళ్ల దగ్గర దొరికింది కాబట్టి సారస్‌ను స్త్రీలింగంగా సారా చేశారు. నోరు తిరగనివాళ్లకు 2015లో చైనా నుంచి వచ్చిన యీ చీ ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండు మాటలూ కలిపి నాలుగు అక్షరాలే.

పేరు తప్పుడు అర్థం ఇస్తుంటే మారుస్తారా?

మార్చరు. ఓవిరాప్టర్ కథ చూడండి. 1923లో గోబీలో గుడ్ల గూడు మీద ఒక అస్థిపంజరం దొరికింది. గుడ్లు ప్రోటోసెరటాప్స్ అనే వేరే డైనోసార్‌వని అప్పటికి అనుకుంటున్నారు, కాబట్టి ఇది దొంగతనానికి వచ్చి చచ్చిందని 1924లో 'గుడ్ల దొంగ' అని పేరు పెట్టేశారు. 1990లలో అలాంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ కుటుంబపు పిండం బయటపడింది, తర్వాత అదే కుటుంబానివి గుడ్లను పొదుగుతూ చనిపోయినవి కూడా దొరికాయి. దొంగ అనుకున్నది తల్లో తండ్రో. అయినా పేరు అదే, ఎందుకంటే నియమావళికి పేరు గుర్తింపు మాత్రమే, వర్ణన కాదు. అర్థం తప్పినప్పుడల్లా మారుస్తూ పోతే వందేళ్ల పేపర్లు ఎవరికీ అర్థం కావు.

బ్రాంటోసారస్ ఉందా లేదా, తేల్చి చెప్పండి.

ప్రస్తుతానికి ఉంది. పొడుగు మెడ డైనోసార్ల ఎముకలకు అమెరికా శాస్త్రవేత్త ఓత్నీల్ మార్ష్ 1877లో అపాటోసారస్ అని, 1879లో బ్రాంటోసారస్ అని రెండు పేర్లు పెట్టాడు. 1903లో ఎల్మర్ రిగ్స్ రెండూ ఒకే ప్రజాతి అన్నాడు. అలాంటప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది కాబట్టి, అందరికీ నచ్చిన బ్రాంటోసారస్ కొట్టుకుపోయింది. 2015లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ కుటుంబపు ఎముకలన్నీ కొలిచి దాదాపు 300 పేజీల పేపర్లో, రెండింటి మధ్య వేరు ప్రజాతులకు చాలినంత తేడా ఉందన్నారు. చాలామంది ఒప్పుకున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

ముందు పెట్టిన పేరే నిలుస్తుందంటే టీ రెక్స్ పేరు ఎలా బతికింది?

కొద్దిలో తప్పించుకుంది. 1892లో కోప్ రెండు వెన్నుపూసలు చూసి మనోస్పాండిలస్ గైగస్ అని పేరు పెట్టాడు, అవి టీ రెక్స్‌వే అయుండొచ్చు. టైరనోసారస్ రెక్స్ అని హెన్రీ ఆస్‌బర్న్ పెట్టింది 1905లో. అయితే 2000 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, పాత పేరును 1899 తర్వాత చెల్లే పేరుగా ఎవరూ వాడకపోతే, కొత్త పేరును గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు 25 రచనల్లో వాడి ఉంటే కొత్తదాన్నే కాపాడొచ్చు. టీ రెక్స్‌కు 25 రచనలు దొరకడం కష్టమా!

పెట్టిన పేరు అప్పటికే ఇంకో జంతువుకు ఉంటే?

మార్చి తీరాలి, ఆ జంతువు పురుగైనా సరే. 1969లో ఒక డైనోసార్‌కు సింటార్సస్ అని పెట్టారు, ఆ పేరు ఎప్పటినుంచో ఒక పెంకు పురుగుది. 2001లో పురుగుల శాస్త్రవేత్తలే చొరవ తీసుకుని మెగాప్నోసారస్ అని కొత్త పేరిచ్చారు. అర్థం 'పెద్ద చచ్చిన బల్లి'. డైనోసార్ల వాళ్లకు అది అంతగా నవ్వు తెప్పించలేదు.

అడుగుజాడలకు, గుడ్లకు కూడా పేర్లెందుకు?

ఏ జంతువు అడుగో, ఏ జంతువు గుడ్డో దాదాపు ఎప్పుడూ తెలియదు కాబట్టి. అడుగు చివర జంతువు చచ్చిపడి ఉంటే తప్ప! అందుకే అడుగుజాడల ఆకారానికి యూబ్రాంటిస్ లాంటి పేర్లు, గుడ్డు పెంకు నిర్మాణానికి మెగాలోలిథస్ లాంటి పేర్లు విడిగా ఉంటాయి.

## వర్గీకరణ

పెద్దగా, పాతగా ఉన్న సరీసృపమల్లా డైనోసార్ కాదంటారు, మరి ఏది అవును?

శాస్త్రవేత్తలు చాలామంది వాడే నిర్వచనం కొంచెం వింతగా ఉంటుంది: ట్రైసెరటాప్స్‌కీ ఇప్పటి పక్షులకీ ఆఖరి ఉమ్మడి పూర్వీకుడు, దాని సంతానమంతా. పరిమాణం, భయం, పళ్లు లెక్కలోకి రావు. ఎముకల్లో చూడాలంటే తుంటి దగ్గర తొడ ఎముక తల కూర్చునే గుంట చూడండి, డైనోసార్లలో అది గిన్నెలా కాక అవతలికి కనబడే చిల్లులా ఉంటుంది. కాళ్లు మొసలిలా పక్కకు చాపినట్టు కాక ఒంటి కిందికి నిటారుగా ఉంటాయి. ఈ లెక్కన ఎగిరే టెరోసార్లు డైనోసార్లు కావు, దగ్గరి చుట్టాలు. సముద్రంలో ఈదిన ఇక్తియోసార్లు, ప్లీసియోసార్లు అసలే కావు. వీపు మీద తెరచాప ఉన్న డైమెట్రోడాన్‌ను బొమ్మల సెట్లలో కలిపేస్తారు కానీ అది మొదటి డైనోసార్ కన్నా కోట్ల ఏళ్ల ముందుది, చుట్టరికంలో మనకే దగ్గర.

తుంటిని బట్టి రెండు గుంపులు అంటారు, పక్షులు పక్షి తుంటి గుంపులోవేనా?

కావు, అదే తమాషా. 1887లో హ్యారీ సీలీ బల్లి తుంటివి, పక్షి తుంటివి అని విడదీశాడు. టీ రెక్స్, పొడుగు మెడవాళ్లు మొదటి గుంపు; ట్రైసెరటాప్స్, స్టెగోసారస్ రెండోది. పక్షులు వచ్చింది బల్లి తుంటి గుంపు నుంచి, వాటి తుంటి తర్వాత విడిగా అలా వెనక్కి తిరిగింది. 2017లో కొందరు మాంసాహార గుంపును పక్షి తుంటి గుంపుతో కలిపి చెట్టునే మార్చాలన్నారు, దాని మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి, ఎక్కువమంది ఇంకా సీలీ విభజనే వాడుతున్నారు.

వంశవృక్షం ఎలా గీస్తారు? చూసి పోలికలు చెప్పడమేనా?

పోలిక చాలదు, ఏ పోలిక అన్నది ముఖ్యం. నాలుగు కాళ్లున్నాయనే పోలిక బల్లికీ ఆవుకీ కూడా ఉంది, దాంతో ఏమీ తేలదు. ఒక గుంపులో మాత్రమే కొత్తగా పుట్టి, వాళ్లు పంచుకున్న లక్షణాలు కావాలి. వందల లక్షణాలు తీసుకుని ఒక్కో నమూనాకు ఉంది, లేదు, తెలియదు అని పట్టిక నింపుతారు. అతి తక్కువ మార్పులతో ఆ పట్టికనంతా వివరించగల చెట్టు ఏదో కంప్యూటర్ వెతుకుతుంది. ఇంకా ఇతర గణిత పద్ధతులూ ఉన్నాయి. సగం పట్టిక 'తెలియదు' అయినప్పుడు ఒక్క కొత్త ఎముక వచ్చినా కొమ్మలు అటూ ఇటూ మారతాయి. పత్రికల్లో 'డైనోసార్ చరిత్ర తలకిందులు' అని వచ్చేది చాలాసార్లు ఇదే, ఒక కొమ్మ పక్కకు జరగడం.

చిన్న ఎముకలు దొరికితే అది పిల్లదా, చిన్న జాతిదా?

ఈ రంగంలో అతి పెద్ద పేచీ. 1942లో మొంటానాలో చిన్న పుర్రె ఒకటి దొరికింది. 1988లో దాన్ని నానోటైరనస్ అని వేరు చేశారు, మిగతావాళ్లు కాదు, అది టీ రెక్స్ పిల్లే అన్నారు. 2020లో అలాంటి మరో రెండు నమూనాల కాలి ఎముకలు కోసి చూసి ఇంకా పెరుగుతున్నవే అన్నారు, పిల్ల వాదం గెలిచినట్టే అనిపించింది. 2025లో ఇంకో నమూనా ఎముకల్లో పెరుగుదల దాదాపు ముగిసిన గుర్తులు కనిపించడంతో నానోటైరనస్ మళ్ళీ లేచి కూర్చుంది. నేను చాలా ఏళ్లు పిల్ల వాదం వైపే ఉన్నాను, ఇప్పుడు మనసు మార్చుకోవాల్సి వచ్చింది.

నకిలీ శిలాజాలతో మోసపోయారా?

పోయారు. 1999లో ఆర్కియోరాప్టర్ అని ఒకదాన్ని పక్షులకూ డైనోసార్లకూ మధ్య వంతెనగా ఒక ప్రసిద్ధ పత్రిక ప్రకటించింది. చైనా శాస్త్రవేత్త షూ షింగ్‌కు అదే తోక ఉన్న రెండో పలక దొరికింది, దాని మీద శరీరం వేరే జంతువుది. అమ్మకం కోసం ఒక పక్షి ఒంటికి డైనోసార్ తోక అతికించారు. ఆ తోక మైక్రోరాప్టర్ అనే నిజమైన, అంతకన్నా గొప్ప డైనోసార్‌ది కావడం కొసమెరుపు.

వేలంలో కోట్లకు అమ్ముడైన అస్థిపంజరాల మీద పేపర్లు ఎందుకు రావు?

ఇంకొకరు వచ్చి అదే ఎముకను మళ్ళీ చూడగలగాలి, లేకపోతే ఆ పేపర్‌ను పరీక్షించే దారే లేదు. ప్రైవేటు హాల్లో ఉన్నదాన్ని యజమాని రేపు అమ్మేయొచ్చు, తలుపు మూసేయొచ్చు. అందుకే చాలా జర్నల్స్ అలాంటి నమూనాల మీద రాసినవి తీసుకోవు. 2020లో 'స్టాన్' అనే టీ రెక్స్ 3.18 కోట్ల డాలర్లకు పోయినప్పుడు అది ఎవరి చేతికి వెళ్లిందో తెలియక అందరూ గాబరా పడ్డారు, అప్పటికే దాని మీద బోలెడు పేపర్లున్నాయి మరి. 2022లో తేలింది, అబుదాబిలో అప్పట్లో కడుతున్న మ్యూజియానికి వెళ్లిందని.